ఉస్మానియా గ్రంథాలయం నుంచి సైబరాబాద్ వరకు: హైదరాబాదులో అమెరికా అధ్యయన చరిత్ర (1964–2025)

వ్యాస సంగ్రహం:

అమెరికా రాజకీయాలను, సాంఘిక విధానాలను, పౌర జీవితాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1964లో ఒక పరిశోధన కేంద్రం ఏర్పడింది. మూడు దశాబ్దాల తరువాత ఆ కేంద్రం క్షీణించసాగిన కాలంలోనే నగరానికి పడమట హైటెక్ సిటీ వెలిసి, లక్షలాది కుటుంబాల జీవనం అమెరికా శాసనాలతో ముడిపడింది. అమెరికాను తెలుసుకోవలసిన అవసరం పెరిగిన సమయంలోనే తెలుసుకునే సంస్థ ఎందుకు బలహీనపడిందన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. గ్రంథాలయం, అనువాదం, ఉద్యోగం అనే మూడు మార్గాల్లో అమెరికా గురించిన జ్ఞానం ఈ నగరానికి చేరిన తీరును వివరించి, భావి పరిశోధనకు అవకాశమున్న అంశాలను సూచిస్తుంది.

కీలక పదాలు: అమెరికా అధ్యయనాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సైబరాబాద్, పి.ఎల్. 480, వలస విధానం, సాంఘిక విధానం, పౌర భాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం:

ఒక దేశం మరొక దేశాన్ని అధ్యయనం చేయడం వెనుక కేవలం జిజ్ఞాస మాత్రమే ఉండదు. అధ్యయనానికి గ్రంథాలు కావాలి, వేతనాలు కావాలి, భవనం కావాలి. వాటికి ధనం ఎవరు సమకూరుస్తారన్న దానిపై అధ్యయన విషయం, దాని ఆయుర్దాయం చాలావరకు ఆధారపడి ఉంటాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సమాజాన్ని అమెరికా పండితులు శ్రద్ధగా పరిశోధించారు. సెలిగ్ హారిసన్ 1956లోనే ఆంధ్ర కమ్యూనిస్టు రాజకీయాల్లో కులం పాత్రపై వ్యాసం ప్రకటించాడు. కారెన్ లెనర్డ్ హైదరాబాదు కాయస్థుల సామాజిక చరిత్రను 1978లో గ్రంథంగా వెలువరించింది. అదే ఏడాది వెలువడిన మైరన్ వీనర్ గ్రంథం 'సన్స్ ఆఫ్ ది సాయిల్'లో తెలంగాణ స్థానికుల ఉద్యోగ హక్కుల సమస్యకు ప్రత్యేక స్థానం లభించింది. ఈ రచనలు నేటికీ తెలుగు నాట పరిశోధకులకు ఉపయుక్త గ్రంథాలే.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి ఉంది. తెలుగు నేల మీద కూర్చుని అమెరికా సమాజాన్ని, అక్కడి శాసనసభలను, ఎన్నికలను, సంక్షేమ విధానాలను అదే శ్రద్ధతో పరిశీలించిన వారెవరు? వారికి అందిన వనరులేవి? ఆ ప్రయత్నం ఎక్కడ ఆగింది? హైదరాబాదు చరిత్రలో ఈ ప్రశ్నలకు నిర్దిష్టమైన సమాధానాలు లభిస్తాయి.

2. గోధుమలు, రూపాయలు, గ్రంథాలు:

భారత, అమెరికా దేశాల మధ్య విద్యా వినిమయానికి 1950 ఫిబ్రవరి 2న కుదిరిన ఫుల్‌బ్రైట్ ఒప్పందం పునాది. భారత పక్షాన జవాహర్‌లాల్ నెహ్రూ, అమెరికా పక్షాన రాయబారి లోయ్ హెండర్సన్ దానిపై సంతకాలు చేశారు. మరుసటి ఏడాది భారతదేశంలో తీవ్రమైన ఆహార కొరత ఏర్పడినప్పుడు అమెరికా 19 కోట్ల డాలర్ల రుణాన్ని గోధుమల కొనుగోలు నిమిత్తం మంజూరు చేసింది. దానిపై వచ్చే వడ్డీలో కొంత భాగాన్ని భారతీయ విశ్వవిద్యాలయాలకు పుస్తకాలు, ప్రయోగశాల పరికరాలు సమకూర్చడానికి, ఆచార్యుల వినిమయానికి వినియోగించారు. ఆ విధంగా ఆకలి తీర్చిన ధాన్యానికీ గ్రంథాలయంలోని పుస్తకానికీ లెక్కల పుస్తకాల్లో సంబంధం ఏర్పడింది.

1954లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన 480వ ప్రజాశాసనం ఈ సంబంధాన్ని మరింత విస్తృతం చేసింది. 1956లో ఆ శాసనం కింద భారత్‌తో తొలి ఒప్పందం కుదిరింది. మిగులు ధాన్యానికి భారత ప్రభుత్వం డాలర్లకు బదులు రూపాయలు చెల్లించేది. ఆ రూపాయలు అమెరికా ప్రభుత్వ ఖాతాలో భారతదేశంలోనే పోగుపడ్డాయి. వాటిని దేశం వెలుపలికి స్వేచ్ఛగా తరలించే వీలు లేకపోవడంతో అభివృద్ధి రుణాలకు, రాయబార కార్యాలయ ఖర్చులకు, విద్యా కార్యక్రమాలకు ఇక్కడే వెచ్చించవలసి వచ్చింది.

ఈ నిధుల ప్రవాహం రెండు దిశల్లో సాగింది. 1962 నుంచి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం ఇదే శాసనం కింద భారతీయ భాషల పుస్తకాలను కొని చికాగో, విస్కాన్సిన్, బర్క్లీ, పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయాలకు పంపించింది. వాటిలో తెలుగు నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు కూడా ఉన్నాయి. స్వదేశంలో లభ్యం కాని కొన్ని తెలుగు ముద్రణలు అమెరికా గ్రంథాలయాల్లో దొరకడానికి మూలకారణం ఇదే. అమెరికాకు తెలుగు పుస్తకాలు చేరుతున్న ఆ కాలంలోనే హైదరాబాదుకు అమెరికా పుస్తకాలు చేరడం ప్రారంభమైంది.

3. పరిశోధన కేంద్రం: స్వరూపం, పరిమితులు:

1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ నెలకొన్నది. భారతదేశంలో ఫుల్‌బ్రైట్ కార్యక్రమాన్ని నిర్వహించిన విద్యా సంస్థ దీని స్థాపనలో ముఖ్యపాత్ర వహించింది. ప్రాంగణం విశ్వవిద్యాలయానిదే అయినా కేంద్రం స్వయంప్రతిపత్తి గల సంస్థగా పనిచేసింది. ప్రధానంగా అమెరికా ప్రభుత్వ సహాయంపై ఆధారపడి నడిచింది. తొలి దశాబ్దంలో దీనికి సంచాలకులుగా పనిచేసిన వారిలో ఊటా విశ్వవిద్యాలయ ఆంగ్లాచార్యుడు విలియం మల్డర్ ఒకరు.

కేంద్రానికి కీర్తి తెచ్చినది దాని గ్రంథాలయం. లక్షకు పైబడిన సంపుటాలతో అది ఆసియాలోనే అమెరికాకు సంబంధించిన పెద్ద గ్రంథ సంచయాల్లో ఒకటిగా పేరు పొందింది. దేశం నలుమూలల నుంచి ఎం.ఫిల్., పిహెచ్.డి. పరిశోధకులు, కళాశాల అధ్యాపకులు స్వల్పకాలిక సహాయవేతనాలతో వచ్చి, వారాల తరబడి ఇక్కడే బస చేసి చదువుకునేవారు. విదేశీ గ్రంథం ఒక్కటి తెప్పించుకోవడానికి విదేశీ మారకద్రవ్యపు ఆంక్షలు అడ్డువచ్చిన ఆ రోజుల్లో ఒక చిన్న పట్టణపు కళాశాల అధ్యాపకునికి ఇది అపురూపమైన సౌకర్యం. 1969లో ప్రారంభమైన 'ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్' ఈ కృషికి ప్రచురణ వేదికగా నిలిచింది. ఉస్మానియా ఆంగ్ల శాఖకు చెందిన ఐజాక్ సెక్వీరా, అమెరికా విదేశాంగ విధానంపై విశేష కృషి చేసిన రాజనీతి శాస్త్రజ్ఞుడు బి. రమేశ్ బాబు వంటివారు ఈ కేంద్రంతో అనుబంధమున్న పండితులు.

ఈ కృషికి రెండు పరిమితులు కనిపిస్తాయి. మొదటిది విషయానికి సంబంధించినది. కేంద్రాన్ని వినియోగించుకున్నవారిలో ఆంగ్ల సాహిత్య శాఖలవారి పాలు అధికం. హెమింగ్వే, ఫాక్‌నర్, ఓనీల్ రచనలపై వెలువడిన సిద్ధాంత గ్రంథాలతో పోలిస్తే అమెరికా రాష్ట్ర శాసనసభలపై, పేదరిక నిర్మూలన చట్టాలపై, నగర పాలనపై జరిగిన పరిశోధన స్వల్పం. భారతీయ విశ్వవిద్యాలయాల్లో ఆంగ్ల శాఖలు విస్తారంగా ఉండటం, అమెరికా సాహిత్యం ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో చేరడం ఇందుకు సహజ కారణాలు. రాజనీతి శాస్త్రంలో అమెరికా అంటే విదేశాంగ విధానం అన్న భావన కూడా స్థిరపడింది. ఆ దేశం ప్రపంచంతో ఎలా ప్రవర్తిస్తుందన్న దానిపై ఉన్న ఆసక్తి, తన పౌరులతో ఎలా ప్రవర్తిస్తుందన్న దానిపై అంతగా కలగలేదు.

రెండవ పరిమితి విశ్వసనీయతకు సంబంధించినది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అమెరికా ధనంతో నడిచే ఏ విద్యా సంస్థా అనుమానానికి అతీతం కాలేదు. కొన్ని అంతర్జాతీయ సాంస్కృతిక సంస్థలకు అమెరికా గూఢచారి సంస్థ నుంచి నిధులు అందాయని 1967లో బయటపడినప్పుడు భారతీయ మేధావి వర్గంలో కలవరం చెలరేగింది. ఆ వార్తలు హైదరాబాదు కేంద్రం గురించి కాకపోయినా, వామపక్ష భావజాలం బలంగా ఉన్న తెలుగు విద్యావాతావరణంలో 'అమెరికా అధ్యయనం' అన్న మాటకు 'అమెరికా పక్షపాతం' అన్న అర్థం అంటుకున్నది. విమర్శనాత్మకంగా చదవవలసిన వారిలో అనేకులు ఆ గ్రంథాలయానికి దూరంగానే ఉండిపోయారు.

4. కేంద్రం తొలి సంవత్సరాలు – అమెరికా శాసనాలు:

కేంద్రం ప్రారంభమైన కాలం అమెరికా శాసన చరిత్రలో అసాధారణమైనది. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. 1965 జూలై 30న వృద్ధులకు ఆరోగ్య బీమా కల్పించే మెడికేర్, పేదలకు వైద్య సహాయం అందించే మెడికెయిడ్ చట్టరూపం దాల్చాయి. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టంపై, అక్టోబరు 3న కొత్త వలస చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకాలు చేశాడు.

అప్పటి తెలుగు పాఠకునికి ఈ నాలుగూ దూరదేశపు వార్తలు. 1965–67 మధ్యకాలంలో భారతదేశం అమెరికాను చూసిన ప్రధాన దృష్టి వేరు. కరవు ఏళ్లలో జాన్సన్ ప్రభుత్వం ధాన్యపు ఓడలను నెలల లెక్కన కొద్దికొద్దిగా విడుదల చేయడం, వియత్నాం యుద్ధంపై భారత వైఖరికీ ఆ సరఫరాకూ ముడి పడటం ఆనాటి చర్చనీయాంశాలు. అయితే దీర్ఘకాలంలో తెలుగువారి జీవితాలను ఎక్కువగా మార్చినవి ఆ నాలుగు శాసనాలే.

వలస చట్టాన్నే తీసుకుంటే ఈ మార్పు తేటతెల్లమవుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరిన కాలంలోనే, 1923లో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అనర్హులని అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1946 చట్టం ఆ అర్హతను కల్పించినా, ఏడాదికి వందమంది భారతీయులకే వలస అవకాశమిచ్చింది. జాతుల వారీ కోటాలను తొలగించిన 1965 చట్టంతోనే వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల వలసకు దారి తెరుచుకున్నది. గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల పట్టభద్రులు అమెరికా ఆసుపత్రులకు చేరిన చరిత్ర ఈ చట్టం తరువాతిదే. ఆ చట్టం ఏ రాజకీయ పరిస్థితుల్లో పుట్టింది, దాన్ని ఎవరు వ్యతిరేకించారు, కుటుంబ ప్రాతిపదికకూ నైపుణ్య ప్రాతిపదికకూ మధ్య పంపకం ఎలా జరిగింది అన్న ప్రశ్నలకు ఆధారాలు చాలావరకు ఉస్మానియా ప్రాంగణంలోని గ్రంథాలయంలో లభించగలిగేవే. వాటిని తెలుగు సమాజపు ప్రశ్నలుగా గుర్తించే దృష్టి అప్పటికింకా ఏర్పడలేదు.

5. రెండవ మార్గం – అనువాదం:

అమెరికా సామాజిక చరిత్ర తెలుగు పాఠకునికి ఆంగ్ల గ్రంథాలయం ద్వారా కంటే తెలుగు అనువాదం ద్వారా ఎక్కువగా చేరింది. 1976లో వెలువడిన అలెక్స్ హేలీ రచన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్టు దాన్ని చవకధరలో అందించింది. ఆఫ్రికా నుంచి బలవంతంగా తరలించిన ఒక మనిషి సంతతి కథ, విశ్వవిద్యాలయాల గడప తొక్కని పాఠకుల చేతికి కూడా చేరి పునర్ముద్రణలు పొందింది.

ఈ చేరిక ఒంటరి సంఘటన కాదు. 1966లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఏర్పడిన బ్లాక్ పాంథర్స్ పేరు స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ సంస్థ పుట్టింది. 1985 కారంచేడు ఘటన తరువాత తెలుగు నాట వెల్లువెత్తిన దళిత ఉద్యమం, దానితో పాటు ఎదిగిన దళిత సాహిత్యం నల్లజాతి పోరాట చరిత్రను తమ అనుభవంతో పోల్చి చూసుకున్నాయి. పౌరహక్కుల చట్టం గురించి గ్రంథాలయంలో చేరిన సంపుటాలు ఆ ఉద్యమకారులకు ఉపయోగపడి ఉంటే పోలిక మరింత నిశితమయ్యేది. వర్ణవివక్షను నిషేధించిన చట్టం న్యాయస్థానాల్లో ఎలా అమలయింది, ఉద్యోగ వివక్షను నిరూపించవలసిన బాధ్యత ఎవరిపై పడింది వంటి అంశాలు భావావేశానికి ఆచరణాత్మకమైన ఆధారాన్ని చేకూర్చేవి. కేంద్రంలోని పాండిత్యం ఆంగ్లంలో, ఉద్యమంలోని జిజ్ఞాస తెలుగులో ఉండిపోవడంతో రెండింటి మధ్య వంతెన ఏర్పడలేదు.

6. నిధుల క్షీణత – సైబరాబాద్ ఆవిర్భావం:

480వ శాసనపు రూపాయి నిల్వల సమస్యకు 1974 ఫిబ్రవరి 18న పరిష్కారం లభించింది. అమెరికా రాయబారి డేనియల్ పాట్రిక్ మోయినిహన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వానికి అందజేశాడు. మిగిలిన నిల్వలతో విద్యా కార్యక్రమాలు మరికొంత కాలం సాగినా, ధాన్యం ద్వారా నిధులు పోగుపడే యుగం ముగిసింది. ప్రచ్ఛన్న యుద్ధం అంతరించడంతో విదేశాల్లో తమ దేశాన్ని పరిచయం చేయవలసిన తొందర అమెరికాకు తగ్గింది. ఆ బాధ్యత వహించిన అమెరికా సమాచార సంస్థ 1999 అక్టోబరు 1న విదేశాంగ శాఖలో విలీనమైంది. హైదరాబాదు కేంద్రం 1990ల చివరి భాగంలో ఇండో–అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా పేరు మార్చుకున్నది. తరువాతి దశాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా రూపాంతరం చెందింది. 'అమెరికా' అన్న పదమే సంస్థ పేరు నుంచి తొలగిపోయింది.

ఇదే కాలంలో మాదాపూర్ రాళ్లగుట్టల నడుమ సైబర్ టవర్స్ లేచింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారతీయ అభివృద్ధి కేంద్రాన్ని ఆ ఏడాదే హైదరాబాదులో నెలకొల్పింది. 2000 మార్చి 24న అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించాడు. 2006 మార్చిలో జార్జి డబ్ల్యూ. బుష్ గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ను సందర్శించాడు. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు ప్రారంభమైంది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన సొంత భవనానికి తరలింది.

ఈ తేదీలను వరుసగా పేర్చి చూస్తే నగరంలో అమెరికా ఉనికి తూర్పు నుంచి పడమటికి, గ్రంథాలయం నుంచి కార్యాలయానికి మారిన క్రమం అర్థమవుతుంది. తూర్పున అమెరికా ఒక పఠనీయ విషయంగా ఉండేది. పడమట అది ఉపాధిగా, విపణిగా, వీసాగా రూపొందింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థుల కోసం నిర్వహిస్తున్న కార్యక్రమంలో అమెరికా విద్యార్థులు భారతదేశాన్ని అధ్యయనం చేస్తున్నారు. ఆ ప్రాంగణం చుట్టూ వేలాది సంస్థలు అమెరికా కోసం పనిచేస్తున్నా, అమెరికాను అధ్యయనం చేయడానికి మునుపటి కేంద్రానికి సాటివచ్చే సంస్థ ఏదీ ఆ పరిసరాల్లో ఏర్పడలేదు.

7. మూడవ మార్గం – ఉద్యోగంలో నిక్షిప్తమైన జ్ఞానం:

సైబరాబాద్ ఉద్యోగులకు అమెరికా తెలియదనడం సరికాదు. వారికి తెలిసిన అమెరికా పాఠ్యగ్రంథాల్లో ఉండదు. మెడికల్ కోడింగ్ రంగం దీనికి ప్రబలమైన ఉదాహరణ. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో కొన్ని నెలలు చదివిన జీవశాస్త్ర పట్టభద్రులు, ఫార్మసీ పట్టభద్రులు మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో అమెరికా రోగుల చికిత్స పత్రాలను సంకేతాలుగా మారుస్తారు. రోగనిర్ధారణకు ఒక సంకేతావళి, వైద్య ప్రక్రియకు మరొకటి. 2015 అక్టోబరు 1న అమెరికా కొత్త రోగనిర్ధారణ సంకేతావళికి మారినప్పుడు ఆ మార్పు భారం ఇక్కడి ఉద్యోగులపైనా పడింది. రోగి సమాచార గోప్యతకు సంబంధించిన 1996 నాటి అమెరికా చట్టంలోని నిబంధనలు వారికి కొట్టినపిండి.

మెడికేర్ కేంద్ర ప్రభుత్వ పథకం. మెడికెయిడ్ భారాన్ని కేంద్రం, రాష్ట్రాలు కలిసి భరిస్తాయి. 2010లో వచ్చిన ఆరోగ్య సంస్కరణ చట్టం మెడికెయిడ్‌ను అన్ని రాష్ట్రాల్లో విస్తరించాలని ఉద్దేశించగా, 2012లో సుప్రీంకోర్టు ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. కొన్ని రాష్ట్రాలు అంగీకరించాయి, కొన్ని నిరాకరించాయి. ఒకే ఆదాయం గల పేద రోగికి ఒక రాష్ట్రంలో బీమా వర్తించి, పక్క రాష్ట్రంలో వర్తించకపోవడానికి ఇదే కారణం. రాజనీతి శాస్త్ర విద్యార్థి 'సమాఖ్య వ్యవస్థ' అన్న శీర్షిక కింద చదివే ఈ అంశాన్ని, క్లెయిము తిరస్కరణకు గురైన పత్రంలో హైదరాబాదు ఉద్యోగి ప్రతిదినం చూస్తాడు. అయితే ఆ తిరస్కరణ వెనుక ఒక న్యాయస్థాన తీర్పు, ఒక రాష్ట్ర గవర్నరు నిర్ణయం, ఒక ఎన్నికల ఫలితం ఉన్నాయన్న వివరణ అతని శిక్షణలో భాగం కాదు.

మరోవైపు రాజనీతి శాస్త్ర శాఖలకు ఈ ఉద్యోగుల అనుభవం పరిశోధన సామగ్రిగా తోచలేదు. సాఫ్ట్‌వేర్ రంగంపై సామాజిక శాస్త్రజ్ఞులు చేసిన అధ్యయనాల్లో కులం, లింగభేదం, రాత్రి పనివేళలు, నగర విస్తరణ చర్చకు వచ్చాయి. ఆ పని ద్వారా ఉద్యోగులకు అబ్బిన అమెరికా సాంఘిక విధాన పరిజ్ఞానం ఏమిటన్నది ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం. 1965లో జాన్సన్ సంతకం చేసిన శాసనం అరవై ఏళ్ల తరువాత అమీర్‌పేట శిక్షణ సంస్థలో పాఠ్యాంశం కావడం ఒక చారిత్రక పరిణామం.

8. పౌర భాగస్వామ్యం – ప్రవాసం:

1990 వలస చట్టం హెచ్–1బి వీసాను ప్రవేశపెట్టి ఏడాదికి 65,000 పరిమితి విధించింది. సాఫ్ట్‌వేర్ రంగపు గిరాకీ కారణంగా 2001–2003 మధ్య అది 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ 65,000కు తగ్గింది. అమెరికాలో ఉన్నత విద్య అభ్యసించినవారికి అదనంగా 20,000 కేటాయించారు. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన వెలువరించాడు. ఈ వీసాలు పొందేవారిలో పది మందిలో ఏడుగురికి పైగా భారతీయులే కనుక ఒక సంతకం హైదరాబాదులో వేలాది ఇళ్ల ప్రణాళికలను తారుమారు చేసింది. చట్టసభ నిర్ణయించిన పరిమితికీ అధ్యక్షుని ప్రకటనకూ మధ్య భేదమేమిటి, దాన్ని న్యాయస్థానంలో ప్రశ్నించే వీలుందా అన్న సందేహాలకు ప్రజలు వీసా కన్సల్టెన్సీలనూ సామాజిక మాధ్యమాలనూ ఆశ్రయించారు.

ప్రవాస తెలుగువారి పౌరజీవితం కూడా ఇటువంటి పరిశీలనకు అర్హమైనది. స్వచ్ఛంద సంఘాలే అమెరికా ప్రజాస్వామ్యానికి బలమని పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి రచయిత తోక్విల్ గుర్తించాడు. 1977లో తొలి సమావేశం జరుపుకున్న తానా మొదలుకొని ఎన్నో తెలుగు సంఘాలు ఆ సంప్రదాయంలో భాగమయ్యాయి. అయితే వాటి నిర్మాణంలో, చీలికల్లో స్వదేశపు కుల, ప్రాంత భేదాల ఛాయలు కనిపిస్తాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరపాలక మండలి కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అటువంటి బిల్లును గవర్నరు తిరస్కరించాడు. 1964 పౌరహక్కుల చట్టపు వారసత్వం, కారంచేడు తరువాతి దళిత చైతన్యం ఒకే వేదికపై కలిసిన సందర్భమిది.

రాజకీయ ప్రాతినిధ్యం విషయంలో రెండు ఉదాహరణలు గమనార్హం. 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేసిన అరుణా మిల్లర్, 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి ఎన్నికైన గజాలా హష్మీ ఇద్దరూ 1964లో హైదరాబాదులో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరినవారు. అమెరికాను చదవడానికి నగరంలో కేంద్రం వెలసిన ఏడాదే పుట్టిన ఈ ఇద్దరు అమెరికా రాష్ట్ర ప్రభుత్వాల్లో ఉన్నతస్థానాలకు ఎదిగారు. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఉద్యోగ ప్రాతిపదికపై ఇచ్చే శాశ్వత నివాసార్హతలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి దక్కరాదన్న నిబంధన వల్ల భారతీయులు దశాబ్దాల నిరీక్షణ జాబితాలో ఉన్నారు. పన్నులు చెల్లిస్తూ, పిల్లలను అక్కడి బడులకు పంపుతూ, ఓటు లేకుండా జీవిస్తున్న ఈ వర్గం పౌర భాగస్వామ్యానికి ఇచ్చే అర్థమేమిటన్నది తెలుగు పరిశోధకులే ముందుగా అడగవలసిన ప్రశ్న.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి నాలుగు అంశాలు స్పష్టమవుతాయి.

మొదటిది: హైదరాబాదులో అమెరికా అధ్యయనం ఒక విదేశీ ప్రభుత్వ అవసరంతో ఆరంభమై, ఆ అవసరంతో పాటే తగ్గిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం గాని, విశ్వవిద్యాలయం గాని, అమెరికాతో వ్యాపారం చేసి ఎదిగిన పరిశ్రమ గాని దానికి తగిన స్వదేశీ నిధిని ఏర్పరచలేదు.

రెండవది: ఆనాటి అధ్యయనం సాహిత్యం, విదేశాంగ విధానం చుట్టూ కేంద్రీకృతమైంది. తెలుగువారి జీవితాలను వాస్తవంగా మార్చిన వలస, ఆరోగ్య, పౌరహక్కుల శాసనాలకు తగిన స్థానం లభించలేదు.

మూడవది: పాండిత్యం, అనువాదం, ఉద్యోగానుభవం అనే మూడు జ్ఞానమార్గాలు ఒకదానికొకటి సమాంతరంగా సాగాయి. వాటిని కలపగల భాష తెలుగే. అమెరికా రాజ్యాంగ వ్యవస్థను, సంక్షేమ విధానాలను తెలుగులో ప్రామాణికంగా వివరించే గ్రంథాల కొరత ఈ విభజనను స్థిరపరచింది.

నాల్గవది: పరిశోధనకు కావలసిన సామగ్రి నగరంలోనే ఉన్నది. ఉస్మానియా ప్రాంగణంలోని గ్రంథ సంచయం, కోడింగ్ ఉద్యోగుల అనుభవ కథనాలు, తిరిగి వచ్చిన ప్రవాసుల జ్ఞాపకాలు, తెలుగు సంఘాల సావనీర్లు, వార్తాపత్రికల వీసా శీర్షికలు ఇంకా క్రమబద్ధంగా పరిశీలించవలసిన మూలాధారాలు.

విదేశీ సహాయంతో సమకూరిన గ్రంథాలయాన్ని ఒక తరం వినియోగించుకున్నది. తరువాతి తరం ఆ దేశానికి పనిచేసి సంపద సమకూర్చుకున్నది. ఆ సంపదలో స్వల్పభాగమైనా అమెరికాను స్వతంత్ర దృష్టితో, తెలుగు ప్రశ్నలతో చదవడానికి వెచ్చిస్తే, వాషింగ్టన్‌లో జరిగే నిర్ణయాలు హైదరాబాదు ప్రజలకు ఆకస్మిక విపత్తులుగా తోచవు. వాటి కారణాలు, పరిమితులు, వాటిని ఎదుర్కొనే మార్గాలు ముందుగానే అవగతమవుతాయి. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు చేరువలో ఉన్న విశ్వవిద్యాలయాలు ఈ బాధ్యతను స్వీకరించడానికి అనువైన స్థానంలో ఉన్నాయి.